పైకప్పు చూసే మనిషి

మా మనవరాలు నిన్న సాయంత్రం హాల్లో నిలబడి ప్రపంచ శాంతి గురించి ఉపన్యాసం బట్టీ పడుతోంది. "దేశాల మధ్య శాశ్వత శాంతికి నైతిక విద్యే పునాది" అని గొంతు సవరించుకుని మొదలుపెట్టిందో లేదో, వాళ్ళ తమ్ముడు వెనకనుంచి వచ్చి జడ పట్టి గుంజాడు. అంతే, చేతిలో ఉన్న స్టీలు స్కేలుతో వాడి వీపు మీద ఫెడీమని ఒకటిచ్చింది. వాడు గుక్కపట్టి ఏడుస్తుంటే "కాబట్టి పెద్దలారా" అని అదే గొంతుతో అందుకుంది. నాకు నవ్వాగలేదు.

"ఎందుకు నవ్వుతున్నవ్ అమ్మమ్మా? రేపే పోటీ. ఆఖరి మాట ఒక్కటి కుదుర్తలేదు. నువ్వన్న చెప్పరాదూ" అని మూతి ముడుచుకుంది.

నేనేం చెప్పను? శాంతి గురించి నేను నేర్చుకున్నదంతా రాళ్ళ దెబ్బల మధ్య నేర్చుకున్నాను. కుడి కనుబొమ మీది మచ్చ చలికాలం వస్తే ఇప్పటికీ సలుపుతుంది. దాన్ని రుద్దుకుంటూ కూర్చున్నానో లేదో, ఎన్నడో ఆరిపోయిన బొగ్గుల పొయ్యి వాసన ముక్కుకు తగిలింది.

మా గోదావరిఖనిలో పొద్దు పొగతోనే పొడిచేది. ఇంటింటి ముందు ఒక బొగ్గుల పొయ్యి. పొగంతా పోయి నిప్పు ఎర్రబడేదాకా దాన్ని లోపలికి తేవడానికి లేదు. ఆ పొగలోనే మేం కండ్లు నులుముకుంటూ మొహాలు కడుక్కునేవాళ్ళం. జొన్నరొట్టె కాలే వాసన, పచ్చిపులుసులోకి నిప్పుల మీద కాల్చిన మిరపకాయల ఘాటు, డ్యూటీ దిగి వచ్చిన మగవాళ్ళ చెమట వాసన, అన్నీ కలిసి ఒకటే వాసన. పొద్దున తీగ మీద ఆరేసిన తెల్ల అంగీ పగటికల్లా బూడిద రంగుకు తిరిగేది. "ఈ ఊర్ల తెల్లగుడ్డ కట్టెటోడు పిచ్చోడన్న కావాలె, పెద్ద దొరన్న కావాలె" అనేది మా అవ్వ. మేం అమ్మను అవ్వ అనేవాళ్ళం, నాన్నను బాపు అనేవాళ్ళం.

మాది బాయి పనివాళ్ళ క్వార్టర్ల లైను. బాయి అంటే మాకు నీళ్ళ బావి కాదు, బొగ్గు గని. బొగ్గు రైలు పట్టాలకు అవతల గుడిసెలుండేవి. అక్కడ ఉండేదీ బాయి పనివాళ్ళే, కాకపోతే ఇంకా క్వార్టర్లు రానివాళ్ళు. మా వైపు తెలుగు మాట్లాడేవాళ్ళూ దక్కనీ ఉర్దూ మాట్లాడేవాళ్ళూ ఉన్నారు, ఆ వైపూ ఉన్నారు. ఇద్దరి పండుగలూ ఒకటే, ఇద్దరి అప్పాలూ ఒకటే. తేడా ఒక్కటే: నీళ్ళు వచ్చే నల్లా మా వైపు ఉంది. వాళ్ళ ఆడవాళ్ళు బిందెలు పట్టుకుని పట్టాలు దాటి రావాలి, మా వాళ్ళు పట్టుకున్నంక మిగిలితే పట్టుకోవాలి. ఆ ఒక్క తేడా చాలింది.

ఆ ఏడు పొరుగు దేశంతో యుద్ధం వచ్చింది. చాయ్ హోటల్లో రేడియో చుట్టూ మగవాళ్ళు కోడిపిల్లల్లా ముసురుకునేవాళ్ళు. "మన బొగ్గు లేకుంటె రైలు నడవది. రైలు నడవకుంటె ఫౌజుకు బువ్వ పోది. గెలిచేది మనమే రా" అని మా బాపు బీడీ వెలిగించేవాడు. ఎప్పుడూ చాయ్‌కు కూడా దిక్కులేని వాళ్ళు అక్కడ జనరళ్ళలా మాట్లాడేవాళ్ళు. అదంతా విని మేమూ యుద్ధం మొదలుపెట్టాం. ఇటు లైను పిల్లలం, అటు గుడిసెల పిల్లలు.

అయితే ఒక తిరకాసు వచ్చింది. శత్రుదేశం ఎవరు? మేం కామంటే మేం కామన్నాం ఇద్దరమూ. పట్టాల మీద నిలబడి పొద్దుగూకేదాకా వాదించుకున్నాం. ఎవ్వరూ ఒప్పుకోలేదు. చివరికి రెండు వైపులా మన దేశమే, రెండు వైపులా మన జెండానే. శత్రువే లేకుండా యుద్ధం ఎట్లా చేస్తారని అడుగుతారేమో. చేశాం. మస్తుగా చేశాం.

మా లైను పిల్లలకు నేనే సర్దార్ని. "ఆడపిల్ల సర్దారేందిరా" అని ఒకడంటే వాడి చెవి కొరికాను, మళ్ళీ ఎవడూ అనలేదు. గుడిసెలకు సర్దారు కూడా ఒక ఆడపిల్లే. ఎండలో పెట్టినా వెలవని ఎర్ర రిబ్బను కట్టేది, పొద్దునొకసారి కట్టిందంటే రాళ్ళ కొట్లాటలో కూడా ఊడేది కాదు. మేం దాన్ని రిబ్బను అనే పిలిచేవాళ్ళం. అది నన్ను ఏమని పిలిచేదో ఇక్కడ రాయడానికి సిగ్గు. మా ఆయుధాలు రబ్బరు గుంజి రాళ్ళు కొట్టే గులేర్లు, బొగ్గులో వచ్చే నల్లరాతి పలకలు. ఆ పలక గీసిందంటే బ్లేడుతో కోసినట్టే. రోజుకొకరికి తల పగిలేది. దవాఖానలో కట్లు కట్టే కాంపౌండరు చాచా మమ్మల్ని చూడగానే నెత్తి కొట్టుకునేవాడు. "యా అల్లా, మళ్ళ వచ్చిన్రా! అక్కడ సరిహద్దుల గుడ ఇంత టింక్చర్ ఖర్చు కాదు" అని తిడుతూనే కట్టు కట్టేవాడు.

బళ్ళో శుక్రవారం ఆఖరి పీరియడు నీతి. నీతి సారు మంచివాడే, చేతిలో చింతబరికె ఉందనేగానీ. "కోపము మనిషికి శత్రువు" అని బోర్డు మీద రాసి, మమ్మల్ని పలకల నిండా రాయమనేవాడు. ఎవరైనా దిక్కులు చూస్తే కోపంతో ఊగిపోతూ వాయించేవాడు. అహింస గురించి చెప్పిన రోజున నా పిక్కల మీద వాతలు తేలాయి. నేనూ రిబ్బనూ ఒకే తరగతి. ఒకే బరికెతో దెబ్బలు తిని, గేటు దాటగానే రాతి పలకలు ఏరుకునేవాళ్ళం.

ఒక ఆదివారం పొద్దున నల్లా దగ్గర రిబ్బను వాళ్ళ బిందె నిండబోతుంటే మా వాడొకడు అందులో పిడికెడు బొగ్గుపొడి పోశాడు. అది ఊరుకుంటుందా? మా అవ్వ కుండను కాలితో తన్ని పగలగొట్టింది. కుండ పోతే పోయింది, "మీ అవ్వకు చెప్పుపో" అని పండ్లన్నీ కనపడేలా నవ్వింది చూడండి, దానికి నాకు కోపం నెత్తికెక్కింది. చేతికి దొరికిన రాయి తీసి విసిరాను. నేరుగా మూతికి తగిలింది. ముందు పండ్లు రెండు ఊడి, నల్లా గట్టు మీద నెత్తుట్లో పడ్డాయి. అది ఏడవలేదు. పండ్లు ఏరుకుని గుప్పిట్లో పెట్టుకుని, నా మీదికి దూకి మెడ కరిచింది, పండ్లు లేని చోట చిగుళ్ళతోనే.

ఇక ఆగుతుందా! వాళ్ళమ్మ ఏడుస్తూ తిడుతూ బిడ్డను లాక్కుని మా గడప ముందుకొచ్చింది. మా అవ్వ చీపురుతో బయటికొచ్చింది. ఆడవాళ్ళ అరుపులకు నైట్ షిఫ్టు చేసి పడుకున్న మగవాళ్ళు లేచారు. పట్టాల అవతలి నుంచి కట్టెలు వచ్చాయి, మా వైపు నుంచి పార కామలు వచ్చాయి. ముందు నిలబడింది మా బాపు. అటునుంచి ముందు నిలబడింది రిబ్బను వాళ్ళ నాయిన, గడ్డపార లాంటి మనిషి. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని ఒక్క ఘడియ ఆగారు. బాపు చేతిలోని కామ కిందికి దిగింది కూడా. అప్పుడు ఎవడో వెనకనుంచి "ఏందిరో, చేతులకు గాజులు తొడుక్కున్నరా!" అన్నాడు. వాడి నోట్లో మన్ను పడ. ఆ మాటతో ఇద్దరూ ఒకరి మీద ఒకరు పడ్డారు.

నేను అంతకుముందూ ఆ తర్వాతా అంత కొట్లాట చూడలేదు. కట్టె తగిలి బాపు తల పగిలి నెత్తురు కంట్లోకి కారింది. ఆ కన్ను మూసుకునే బాపు ఆయన్ని కిందపడేసి మొహం మీద గుద్దాడు. ఆయన బాపు పక్కటెముకల్లో మోకాలుతో పొడిచాడు. చుట్టూ అందరూ ఎవరికి దొరికిన వాళ్ళని వాళ్ళు కొట్టుకుంటున్నారు. ఒకడి చెయ్యి విరిగిన చప్పుడు నాకు వినపడింది. నేను గడపలో నిలబడి "కొట్టు బాపూ, కొట్టు" అని అరుస్తూనే ఉన్నాను. కొట్టగా కొట్టగా ఇద్దరికీ చేతులు లేవలేదు, అట్లా ఆగింది తప్ప ఎవరూ ఆపితే ఆగలేదు. కాంపౌండరు చాచా ఇద్దరినీ ఒకే బెంచీ మీద కూచోబెట్టి, ఒకే గుడ్డ చించి ఇద్దరి తలలకూ కట్లు కట్టాడు.

బాపు గెలిచాడనే అనుకుంటూ ఇంటికొచ్చాను. లోపల అవ్వ మూలకు కూచుని కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది.

"ఏడుస్తవేందే? మన బాపు వాన్ని మస్తు కొట్టిండు కదా" అన్నాను.

"కొట్టిండు! ఎవర్ని కొట్టిండో ఎరికేనా నీకు? రేపు బాయిల మీ బాపు నెత్తి మీద కప్పు చూసేది వాడేనే, ముదనష్టపుదానా!" అని నా వీపు మీద ఒక్కటి చరిచింది.

అప్పుడు తెలిసింది నాకు. బాయి లోపల ఇద్దరిది ఒక జోడి. ఒకడు తట్టా, చెమ్మసు అనే పారా పట్టుకుని వంగి బొగ్గు ఎత్తుతాడు. వంగినవాడికి పైన ఏముందో కనపడదు. రెండోవాడు పొడుగు కట్టెతో పైకప్పును కొట్టి చూస్తూ ఉంటాడు. ఖంగుమంటే కప్పు గట్టిగా ఉన్నట్టు, బోలుగా మోగితే ఊడిపడబోతున్నట్టు. అట్లా బోలుగా మోగిందంటే "కప్పు!" అని అరిచి, ముందు వంగినవాణ్ణి గుంజి, ఆ తర్వాతే తాను ఉరకాలి. సగం షిఫ్టు అయ్యాక పనులు మార్చుకుంటారు. మా బాపుకూ రిబ్బను వాళ్ళ నాయినకూ ఎన్నాళ్ళ నుంచో జోడి. పైకొచ్చాక ఒకరు ఇటు, ఒకరు అటు పోయేవాళ్ళు కాబట్టి మాకు తెలియలేదు.

"జోడి మార్చమని అడుగు, నీ కాల్మొక్కుత" అని అవ్వ బతిమాలింది.

"మార్చమంటె వాన్ని నమ్ముతలేనని పదిమందికి చెప్పినట్టే" అన్నాడు బాపు.

"నమ్ముతున్నవా మరి?"

బాపు తలకట్టు సవరించుకుని గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆ పూట అన్నం కూడా తినలేదు.

తెల్లారి మొదటి షిఫ్టుకు తలకు కట్టుతోనే పోయాడు. నేను బడి ఎగ్గొట్టి, రొట్టెలో కారం చుట్టుకుని, బాయి గేటు దగ్గరికి పోయి కూచున్నాను. నా రాయి వల్లే కదా ఇదంతా. బాపు రాకపోతే ఎట్లా అన్నదొక్కటే నా బుర్రలో తిరుగుతోంది. కాసేపటికి చూస్తే గేటుకు అవతలి పక్కన రిబ్బను కూచుని ఉంది. మూతి బూరెలా ఉబ్బింది.

"నువ్వెందుకొచ్చినవే?" అన్నాను.

"నువ్వెందుకొచ్చినవ్?" అంది. తర్వాత చాలాసేపు మట్టిలో పుల్లతో గీతలు గీసి, "మీ బాపు మా నాయిన కప్పు సక్కగ చూస్తడా? కావాలని మరిచిపోతడా?" అని అడిగింది.

నా భయమే అది అడుగుతోంది. నేను దాని నాయిన గురించి భయపడి వస్తే, అది మా బాపు గురించి భయపడి వచ్చింది. "మా బాపు అసుంటోడు కాదు" అన్నాను. "మా నాయిన గుడ కాదు" అంది. ఇద్దరికీ నమ్మకం లేదు. పగటికి రొట్టె సగం తుంచి ఇచ్చాను. పండ్లు లేవు కదా, నీళ్ళలో నానేసుకుని చప్పరించింది. థాంక్సు చెప్పిందనుకుంటున్నారా? "మీ అవ్వ రొట్టెలు చెప్పుల లెక్కుంటయ్" అంది. నేను దాని చెయ్యి గిచ్చాను.

షిఫ్టు దిగే వేళ కాకముందే సైరన్ కూసింది.

ఆ కూత విన్నవాళ్ళకు చెప్పనక్కర్లేదు. విననివాళ్ళకు చెప్పినా తెలియదు. లైన్ల నుంచి, గుడిసెల నుంచి ఆడవాళ్ళు ఎక్కడి పని అక్కడ వదిలేసి ఉరికొచ్చారు. పిండి చేతులతో కొందరు, చంటిపిల్లలతో కొందరు. మా అవ్వా రిబ్బను వాళ్ళమ్మా ఒకరినొకరు నెట్టుకుంటూ గేటు చువ్వలు పట్టుకున్నారు. కప్పు పడిందన్నారు. ఎవరి మీదో చెప్పలేదు. లోపలినుంచి మనుషులు వస్తున్నారు. అందరూ నల్లగానే ఉన్నారు. తలకు కట్టున్న మనిషి కనపడగానే "బాపూ" అని ఎదురు ఉరికాను. స్ట్రెచర్ మీద పడుకోబెట్టి తెస్తున్నారు. ఒక పాదం ఉండాల్సిన చోట గుడ్డ చుట్టి ఉంది, ఆ గుడ్డ నుంచి నెత్తురు చుక్కలు చుక్కలుగా దారంతా పడుతోంది. ఆ చెయ్యి పట్టుకుని ఏడుస్తుంటే ఆ మనిషి కళ్ళు తెరిచాడు.

"నేను కాదు బిడ్డా. మీ బాపు ఎనుక వస్తుండు" అన్నాడు.

వెనకనుంచి స్ట్రెచర్ ఒక కొస పట్టుకుని నడుస్తున్నది మా బాపే. రిబ్బను నన్ను పక్కకు తోసేసి వాళ్ళ నాయిన మీద పడింది.

బాపు వంగి ఉన్నాడట. కప్పు బోలుగా మోగిందట. ఆయన అరిచి, బాపును నడుం బట్ట పట్టి గుంజి అవతల పారేశాడు. తాను ఉరికేలోపల బండ పాదం మీద పడింది. దవాఖానలో కట్టు కడుతుంటే మేమంతా అక్కడే ఉన్నాం. బాపు గోడకు ఆనుకుని ఆ కట్టునే చూస్తూ నిలబడ్డాడు. చివరికి అడిగాడు.

"నిన్న నా తల పలగ్గొట్టినవు. ఇయ్యాల ఎందుకు గుంజినవ్ రా?"

ఆయన పండ్లు బిగబట్టి, నొప్పికి చెమటలు కక్కుతూ అన్నాడు: "నీ మీద కోపం ఇంకా ఉన్నది. నా బిడ్డ పండ్లు రాలగొట్టింది నీ బిడ్డ. కోపం పోయినంక గుంజుదామని చూస్తె నువ్వుంటవా?"

కాంపౌండరు చాచా కళ్ళు తుడుచుకున్నాడు. బాపు బయటికి పోయి మెట్ల మీద కూచుని వెక్కి వెక్కి ఏడ్చాడు. మా బాపు ఏడవడం నేను చూసింది అదొక్కసారే.

నిజం చెప్పాలి. ఆ ఇద్దరూ చచ్చేదాకా దోస్తులు కాలేదు. ఆయనకు తర్వాత పైన దీపాలిచ్చే గదిలో పనిచ్చారు. కుంటుకుంటూ వచ్చి బాపు చేతికి దీపం ఇచ్చేవాడు. "జల్ది కానియ్" అనేవాడు బాపు. "నీకంటె ముందటోళ్ళున్నరు, ఆగు" అనేవాడాయన. అయినా బాపు పైకొచ్చి దీపం తిరిగి ఇచ్చేదాకా, తన షిఫ్టు అయిపోయినా సరే, ఆయన ఆ గది వదిలి ఇంటికి పోయేవాడు కాదు.

నీతి సారు మా లైనులోనే ఉండేవాడు, ఆ స్ట్రెచర్ చూశాడు. తర్వాతి శుక్రవారం బోర్డు మీద ఏమీ రాయలేదు. లైను పిల్లల్నీ గుడిసెల పిల్లల్నీ చెరొకర్ని కలిపి జోడీలుగా కూచోబెట్టాడు. నాకు రిబ్బను పడింది, నా ఖర్మ. "ఇయ్యాలటి సంది ఎవనికి దెబ్బ తగిలినా, బరికె దెబ్బలు వాని జోడికి పడ్తయ్" అన్నాడు. బరికె మానలేదు సారు, దెబ్బలు ఎవరికన్నదే మార్చాడు. మొదటి వారం రిబ్బను కావాలని మోకాలు గీక్కుని వచ్చింది, నేను తన్నులు తిన్నాను. మరునాడు నేనూ గీక్కున్నాను. తర్వాత ఇద్దరికీ విసుగొచ్చింది.

రేడియోలో యుద్ధం అయిపోయింది, మనమే గెలిచామన్నారు, హోటల్లో మిఠాయి పంచారు. నల్లా దగ్గర యుద్ధం మాత్రం అయిపోలేదు. ఒకరోజు పట్టాల మీద మళ్ళీ రాళ్ళు లేచాయి. రిబ్బను వంగి బిందె ఎత్తుకుంటోంది. మా లైను వాడే గులేరు గుంజి పట్టుకుని దాని తలకు గురి చూస్తున్నాడు. వంగింది కదా, దానికి కనపడదు. నాకు కనపడింది. ఏం ఆలోచించానో నాకు తెలియదు. "కప్పు!" అని అరిచి దాని రిబ్బను పట్టి గుంజాను. ఎన్నడూ ఊడని రిబ్బను నా చేతిలోకి వచ్చింది, రాయి నా కనుబొమ మీద పడింది. నెత్తురు కంట్లోకి కారి, లోకమంతా ఎర్రగా కనపడింది.

రిబ్బను నీళ్ళతో నా మొహం కడిగి, అదే రిబ్బనుతో గట్టిగా కట్టు కట్టింది. "గుంజినవని నీతోని మాట్లాడుతననుకోకు" అంది. ఆ రోజు మా చుట్టూ ఎవ్వరూ రాయి ఎత్తలేదు. మరునాటి నుంచి నల్లా దగ్గర అరుపులే తప్ప రాళ్ళు తగ్గుతూ వచ్చాయి. వంగినవాళ్ళ మీద ఎవడైనా చెయ్యెత్తితే, రెండు వైపుల నుంచీ పిల్లలు "కప్పు!" అని అరిచేవాళ్ళు.

ఇప్పుడా గుడిసెలు లేవు. మా లైన్లున్న చోట బొగ్గు కోసం పైనుంచే తవ్వే ఓపెన్‌కాస్టు గొయ్యి పడింది. బాపూ అవ్వా దీపాల గది కాకా నీతి సారూ అందరూ పోయారు. ఏ మంచి మనసులు లేకుండానే, కోపాలతోనే, ఒకరి తల మీది కప్పు ఒకరు చూసుకుంటూ బతికిన వాళ్ళు. దేశాలను నడిపే పెద్దవాళ్ళను ఒక్క షిఫ్టు జోడి చేసి లోపలికి దించితే బాగుండునని, టీవీలో బాంబులు పడుతున్నప్పుడల్లా నాకు అనిపిస్తుంది.

ఇదంతా విని మనవరాలు స్కేలు పక్కన పెట్టి ఏదో అడగబోయింది. ఫోన్ మోగింది.

"బతికున్నవా?" అంది అవతలి గొంతు. నస్పూర్ గనుల దగ్గర తన కొడుకు క్వార్టర్ నుంచి. లోకంలో ఎక్కడ యుద్ధమని వార్తల్లో వచ్చినా, ఇక్కడ గట్టిగా వాన కొట్టినా ఆ ఫోన్ వస్తుంది.

"ఉన్న. నువ్వు?"

"ఉన్న. గోలీలు ఏసుకున్నవా?"

"ఏసుకున్న. నా మీద కోపం పోయిందా ఇంక?"

"కట్టుడుపండ్లు పెట్టుకునే ప్రతి పొద్దు యాదికొస్తవ్, ఎట్ల పోతది?" అని పెట్టేసింది.

"ఎవరమ్మమ్మా, నీ ఫ్రెండా?" అంది మనవరాలు.

"కాదు."

"మరి?"

"నా కప్పు చూసేది" అన్నాను.